కొక్కెం లేని పిట్ట

పదిహేడో తెప్ప, పిల్లల గది రోజువారీ పుస్తకం.
రాసేది: దేముడమ్మ, గది పెద్ద.

జూన్ 3. గాలి: తూర్పు, మామూలు. పిల్లలు: తొమ్మిది. విడి వస్తువులు: లేవు.

ఈ పుస్తకంలో రోజూ రాయాల్సింది పై వరుస ఒక్కటే. పదకొండేళ్లుగా చివరి గడిలో "లేవు" అనే రాస్తున్నాను, అబద్ధం ఒక్కనాడూ రాయలేదు. ఇవాళ మాత్రం ఇంకాస్త రాయాలి. తీరం బోర్డు నుంచి మనిషి వచ్చింది, నాకు ఒళ్లు మండింది.

ఆవిడ పేరు హిమజ. ముప్పై దాటి ఉండవు. పడవలో రెండుసార్లు కక్కుకుని కూడా, తెప్ప ఎక్కగానే అందరికీ నమస్కారం పెట్టింది. ఆ మర్యాదకి నేను సంతోషించేలోపే తన సంచి తెచ్చి గది నడిమధ్యన నేల మీద పెట్టేసింది.

తొమ్మిది మంది పిల్లలూ ఆట ఆపి ఆ సంచినే చూశారు. వాళ్లు పుట్టాక నేల మీద ఊరికే పడి ఉన్న వస్తువును చూసి ఎరగరు. బంగారి కూతురు పైడి, ఇంకా ఏడాది నిండనిది, పాక్కుంటూ వెళ్లి సంచి పట్టీ పట్టుకుని గోడ దాకా ఈడ్చుకెళ్లింది. అక్కడ ఖాళీ కొక్కెం కింద కూర్చుని, పైకి చూసి "ఊఁ" అంది. హిమజ నవ్వి, సంచి మీద ముచ్చటేసిందండీ పిల్లకి అంది. ముచ్చటా, పాడా. ఈ తెప్ప మీద ప్రతి వస్తువూ ఏదో ఒక కొక్కేనికి వేలాడాల్సిందే, పిల్ల దాన్ని తగిలించమంటోంది. నేను లేచి సంచిని కొక్కేనికి తగిలించాను. అప్పుడు పైడి చప్పట్లు కొట్టుకుంది.

ఆవిడ వచ్చింది పరీక్ష పెట్టడానికి. సంచిలోంచి ఒక పలక తీసింది. పలకకి కుడివైపొకటి, ఎడమవైపొకటి గుడ్డ తిత్తులు కుట్టి ఉన్నాయి. పసుపు రంగు చెక్క పిట్ట ఒకటి తీసింది. పిల్ల చూస్తుండగానే పిట్టను ఎడమ తిత్తిలో పెడుతుంది, పిల్ల తీసుకుంటుంది. మళ్లీ ఎడమ తిత్తే, మళ్లీ తీసుకుంటుంది. మూడోసారి, పిల్ల కళ్లెదుటే, కుడి తిత్తిలో పెడుతుంది. అయిదు అంకెలు లెక్కపెట్టి పలకను ముందుకు తోస్తుంది. ఒడ్డున ఏడాది నిండిన పిల్లలు చాలామంది కుడి తిత్తిలోనే చెయ్యి పెడతారట.

మా గోవిందుకి పదమూడు నెలలు. ఎడమ తిత్తిలో చెయ్యి పెట్టాడు. అయిదుసార్లు అడిగితే అయిదుసార్లూ ఎడమే. చిట్టెమ్మా అంతే. ఇద్దరి పేర్ల పక్కనా హిమజ "తప్పింది" అని రాసుకుంది.

ఇదేం పరీక్షమ్మా, పిట్ట దొరక్కపోతే పిల్లలకి వచ్చిన నష్టమేమిటని అడిగాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పింది. చూసినదాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచుకోవడం, అలవాటు పడ్డ చేతిని ఆపుకోవడం, ఈ రెండూ ఈ వయసులోనే మొలకెత్తుతాయట. రేపు ఓపిక పట్టడం, ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చెయ్యడం, అన్నీ వీటి మీదే కట్టుకోవాలట. ఆ మాట నాకు నచ్చింది. తర్వాత మాట నచ్చలేదు. నీటి మీద ఎడతెగని ఊగుడు వల్ల మా పిల్లల బుర్రలు ఎదగడం లేదేమోనని బోర్డుకి అనుమానం. వరసగా ముగ్గురు తప్పితే, అయిదేళ్ల లోపు పిల్లలందరినీ తల్లులతో సహా ఏడాదిపాటు ఒడ్డుకి తీసుకెళ్లి పరిశీలనలో పెడతారు. మూడో పిల్ల పైడి. దానికి ఈ నెల ఇరవై నాలుగుకి ఏడాది నిండుతుంది, ఆవేళ మళ్లీ వస్తుంది.

"ఈ నిర్ణయం నాది కాదండీ" అంది వెళ్లేముందు.

"రాసేది మీరే కదమ్మా" అన్నాను.


జూన్ 4. గాలి: తూర్పు. పిల్లలు: తొమ్మిది. విడి వస్తువులు: లేవు.

పొద్దున్నే బంగారి వచ్చింది. నాచు తాళ్ల మీద పని దానిది, చేతులు ఎప్పుడూ పచ్చగా ఉంటాయి. మొగుడు వేట పడవల్లో ఉన్నాడు, ఇరవై రోజులకి గానీ రాడు. ఏడాది ఒడ్డున ఉంటే ఏమవుతుందని ఎవరూ దానికి చెప్పక్కర్లేదు. మూడో తెప్ప కథ అందరికీ తెలుసు. ఏదో రోగమని అక్కడి పసిపిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్లి పద్నాలుగు నెలల తర్వాత తెచ్చారు. కదలని నేల మీద నడక నేర్చిన పిల్లలు కదిలే నేల మీద నిలవలేకపోయారు. తినడం, కక్కడం, పడడం. ఒక్కో కుటుంబమే ఒడ్డుకి పోయింది. ఇప్పుడు మూడో తెప్ప మీద నాచు మొలిచింది.

మా తెప్ప మీద ఉన్న కుటుంబాలు పదకొండు. పిల్లలు పోతే తల్లులు పోతారు, తల్లులు పోతే ఊరు పోతుంది. అది తెలియడానికి ఏ శాస్త్రమూ అక్కర్లేదు.

నీ పిల్లకి నేను నేర్పిస్తానులే అని బంగారికి మాటిచ్చాను. తొందరపడి మాటివ్వడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.


జూన్ 8. గాలి: ఆగ్నేయం. పిల్లలు: తొమ్మిది. విడి వస్తువులు: లేవు.

పాత పడవ చెక్కతో పలక చేయించాను. రెండు తిత్తులు నేనే కుట్టాను. పిట్ట బదులు చెక్క చేప. పూటకి పదిసార్లు చొప్పున నాలుగు రోజులుగా పైడిని కూర్చోబెడుతున్నాను.

మొదటిరోజు పదిసార్లలో రెండుసార్లు కుడి తిత్తిలో చెయ్యి పెట్టింది. రెండోరోజు ఒక్కసారి. నిన్నా ఇవాళా ఒక్కటీ లేదు. నేను నేర్పేకొద్దీ పిల్ల మరీ మొద్దవుతోంది. ఇలాంటి పంతులమ్మ ఉంటే బోర్డుకి వేరే శత్రువు ఎందుకు?

గుర్తు కోసం ఒక మాట: చెయ్యి ఎడమకి వెళ్తున్నప్పుడు కళ్లు కుడివైపే చూస్తున్నట్టు అనిపించింది. నాకు చత్వారం, సరిగ్గా చూశానో లేదో.


జూన్ 10. గాలి: ఆగ్నేయం, జోరు. పిల్లలు: తొమ్మిది. విడి వస్తువులు: గదిలో లేవు.

గదిలో లేవు అని ఎందుకు రాశానంటే, బంగారి ఇంట్లో ఉన్నాయి.

జావ గిన్నె ఇవ్వడానికి వెళ్తే నేల మీద స్టీలు గ్లాసు దొర్లుతోంది. మంచం కింద గరిటె, గుమ్మం దగ్గర దువ్వెన. పిల్లకి వెతుక్కోవడం నేర్పుతున్నానని వస్తువులన్నీ చోట్లు మార్చి దాచిందట ఆ మహాతల్లి. నేను గట్టిగానే అరిచాను. పక్కింటివాళ్లు గుమ్మంలోకి వచ్చారు. నోటికొచ్చినట్టు తిట్టి, నా చెల్లెలి సంగతి కూడా ఎత్తాను.

అది ఇక్కడ రాసుకుంటాను, ఇదివరకు ఎక్కడా రాయలేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు చిన్న లంగరును కొక్కెం నుంచి తీసి ఆడుకున్నాను. తిరిగి తగిలించలేదు. పెద్ద అల వస్తోందని గంట మోగింది, అల వచ్చింది, తెప్ప ఒరిగింది, లంగరు జారింది. నా చెల్లెలు నరసమ్మకి రెండేళ్లు. ఆ కొక్కెం మా ఇంట్లో ఇంకా ఉంది, ఖాళీగా. మా అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. అందుకే నేను అందర్నీ అంటాను.

బంగారి తలొంచుకుని అన్నీ విని, గ్లాసు తీసి తగిలించింది. తర్వాత నెమ్మదిగానే అంది.

"అత్తా, నీ సెల్లి ఒస్తువు తిరగబట్టి పోయింది. నా గుంటకి ఒస్తువు తిరగడం తెలక ఊరే పోతంది. నానేటి సెయ్యాల, నువ్వే సెప్పు."

జావ గిన్నె అక్కడ పెట్టి, ఖాళీ గిన్నె తీసుకుని వచ్చేశాను.


జూన్ 13. గాలి: తూర్పు. పిల్లలు: ఎనిమిది, చిట్టెమ్మకి జలుబు. విడి వస్తువులు: లేవు.

వంటగదిలో తుప్పు గీకి రంగు వేశారు. తలుపుకి ఎడమవైపున్న నీళ్లముంత కొక్కేన్ని కుడివైపుకి మార్చారు. మార్చమన్నది తెప్ప పెద్ద అప్పలకొండ. పొద్దున్న అందర్నీ పిలిచి చూపించాడు కూడా.

పైడికి జావ కాస్తూ నేను అక్కడే కూర్చున్నాను. మొదట వచ్చింది అప్పలకొండే. కుడివైపు వేలాడుతున్న ముంతను చూస్తూ చూస్తూ ఎడమవైపు చెయ్యి చాపాడు. ఖాళీ గోడను తడిమి, దగ్గి, కుడివైపుకి తిరిగాడు. నాకు నవ్వాగలేదు. తర్వాత వచ్చినవాళ్లూ అంతే. మధ్యాహ్నానికి గోడ తడిమినవి ఇరవై ఆరు లెక్కపెట్టాను, అందులో అప్పలకొండే మూడుసార్లు. ఊరంతా పరీక్ష తప్పింది.

నవ్వుతూనే లేచి, ముంత కోసం చెయ్యి చాపితే నా చేతికీ గోడే తగిలింది. ముంత కుడివైపుందని నాకు తెలుసు, నా కళ్లకి కనపడుతోంది. చేతికి తెలియదు. నవ్వు ఆగిపోయింది.

జావ దింపి గదికి పరుగెత్తి ఎనిమిదో తేదీ రాసింది చూసుకున్నాను. పైడిని కూర్చోబెట్టి, ఈసారి కళ్లజోడు పెట్టుకుని, దాని చెయ్యి వదిలేసి కళ్లనే చూశాను. పదిసార్లలో ఏడుసార్లు కళ్లు కుడి తిత్తి మీదే ఉన్నాయి. చెయ్యి ఏడుసార్లూ ఎడమకే వెళ్లింది.

పిల్ల మర్చిపోవడం లేదు. వస్తువును రెండుసార్లు ఒకే చోట చూస్తే అది దాని కొక్కెమని మేమే నేర్పాం. చోటు తప్పిన వస్తువును ఎవరో ఒకరు చిటికెలో దాని చోటికి చేరుస్తారనీ మేమే నేర్పాం. వాళ్ల బతుకులో ఇప్పటిదాకా అది ఒక్కసారీ తప్పలేదు. హిమజ పిట్టకి ఈ గదిలో కొక్కెం లేదు. అందుకే పిల్లలు ఎడమ తిత్తిని దాని ఇల్లు చేశారు.

ఇంకో సంగతి కూడా బయటపడింది, రాయడానికి సిగ్గేస్తోంది. చేప దొరికిన ప్రతిసారీ, మళ్లీ మొదలుపెట్టేముందు, నేను దాన్ని తీసి ఎడమ తిత్తిలో పెడుతున్నాను. ఎవరూ పెట్టమనలేదు. దాని చోటు అదేనన్నట్టు నా చెయ్యే పెట్టేస్తోంది. తొమ్మిది రోజులు, పూటకి పదిసార్లు, ఎడమే దాని ఇల్లని పిల్లకి నూరిపోసింది నేనే. బంగారిని అన్ని మాటలన్నానే, నన్నెవరు తిట్టాలి?


జూన్ 14. గాలి: తూర్పు. పిల్లలు: తొమ్మిది. విడి వస్తువులు: లేవు.

ఈ ముక్క బోర్డుకి రాసి పంపితే చాలదా అని బంగారి అడిగింది. చాలదు. మా పిల్లలు బుర్ర లేక తప్పడం లేదని నాకు తెలుసు. కానీ హిమజ చెప్పిన మాటలో నిజం ఉంది. చెయ్యి ఒక దారి పట్టాక ఆపుకోవడం పిల్లలకి రావాలి. ఊరంతా గోడ తడుముతుంటే చూశాను కదా, పెద్దలకే రాలేదు. నాకే రాలేదు.

వస్తువులు తిరగాలి. విడిగా ఉండకూడదు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలాగో రోజంతా ఆలోచించాను. తల నొప్పి తప్ప ఏమీ రాలేదు.


జూన్ 15. గాలి: తూర్పు, నెమ్మది. పిల్లలు: తొమ్మిది. విడి వస్తువులు: లేవు.

దొరికింది. వేట నుంచి వచ్చిన పాత తెరచాప గుడ్డ, ఎర్రది, నాలుగు బారలు. దాన్ని చాపలా పరిచాను. నియమం ఇది: ఆ ఎర్రచాప మీద వస్తువులు తిరగొచ్చు. ఎక్కడ పెట్టినా తప్పు లేదు. చాప దాటితే మళ్లీ పాత నియమమే. చాప మీద గుడ్డవి, తేలిక చెక్కవి తప్ప ఏవీ ఉండకూడదు. గంట మోగితే నాలుగు కొసలూ పట్టి ఒక్క చుట్ట చుట్టి, లోపలున్నవాటితో సహా గోడకి తగిలించెయ్యడమే. నేనొక్కదాన్నే చేసి చూశాను, పన్నెండు అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోయింది.

సంఘం కూర్చుంది. గంటసేపు వాదన. ఇవాళ చాప, రేపు గది, ఎల్లుండి తెప్పంతా అన్నారు. పసిపిల్లకి రెండు నియమాలు ఎలా తెలుస్తాయన్నారు. అమ్మ దగ్గర ఒకలాగా నా దగ్గర ఒకలాగా ఏడవడం తెలిసిన పిల్లకి ఇదీ తెలుస్తుందన్నాను. అప్పలకొండ అన్నీ విని ఒకే ప్రశ్న వేశాడు.

"సాపకి కొక్కెం ఉందేటి, దేముడమ్మా?"

గది గోడ మీద ఖాళీ కొక్కెం ఒక్కటే ఉంది, అది వచ్చినవాళ్ల సంచులకి. నేను ఇంటికి వెళ్లి లంగరు కొక్కెం ఊడదీసి తెచ్చాను. నలభై ఏడేళ్ల తుప్పు, నాలుగు దెబ్బలకి గానీ రాలేదు. అది ఎక్కడిదో అప్పలకొండకి తెలుసు. తనే సుత్తి తీసుకుని పిల్లల గది గోడకి బిగించాడు.


జూన్ 20. గాలి: తూర్పు. పిల్లలు: తొమ్మిది. విడి వస్తువులు: లేవు. చాప మీదివి లెక్కకి రావని సంఘం తీర్మానం.

మొదటి రెండు రోజులు పైడి ఏడ్చింది. చేప ఒకసారి తిత్తిలో, ఒకసారి నా చెంగులో, ఒకసారి గోవిందు టోపీ కింద ఉంటే దానికి దిక్కు తోచలేదు. గోవిందు మాత్రం మొదటిరోజే కేరింతలు కొట్టాడు. వాడికి లోపల్నించీ ఈ బుద్ధే ఉన్నట్టుంది.

నిన్న ఒకటి చూశాను. కుడి తిత్తిలో చేప పెట్టి, అయిదు లెక్కపెట్టి పలక ముందుకి తోశాను. పైడి చెయ్యి మామూలుగానే ఎడమకి లేచింది. సగం దారిలో ఆగింది. గాల్లో అలాగే ఉంది, వేళ్లు కదులుతున్నాయి, పెదవి బిగబట్టింది. అంత చిన్న మొహంలో అంత పని జరగడం నేనెన్నడూ చూడలేదు. తర్వాత చెయ్యి కుడికి తిరిగింది.

నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదు, చూసినా నాకు భయం లేదు.

ఇవాళ పదికి ఆరు. చాప దాటించి నేల మీద అడిగితే మాత్రం ఇంకా ఎడమే. చాప దాటిన చేపను నోట్లో కూడా పెట్టుకోదు, తీసుకొచ్చి నా చేతికిచ్చి గోడ కొక్కేల వైపు చూస్తుంది. రెండు నియమాలూ ఆ గుప్పెడు తలకాయలో పక్కపక్కనే కూర్చున్నాయి. పట్టవని సంఘం ఎంత గోల చేసింది.


జూన్ 24. గాలి: ఆగ్నేయం, జోరు. పిల్లలు: తొమ్మిది. విడి వస్తువులు: కింద రాశాను.

హిమజ పదింటికి వచ్చింది. ఈసారి ఒకేసారి కక్కుకుందట. గదిలోకి రాగానే సంచిని తనే కొక్కేనికి తగిలించింది. పైడి చప్పట్లు కొట్టింది. బంగారి మూలన నిలబడి చీర కొంగు మెలిపెడుతోంది.

అయిదు విడతల్లో మూడు ఒప్పు కావాలి. సంచిలోంచి పలకా పిట్టా తీసి చిన్న బల్ల మీద పెట్టింది. మొదటి విడత: ఎడమ. తప్పు.

చాప సంగతి నేను చెప్పాను. ముంత కొక్కెం కథ, అప్పలకొండ మూడుసార్లు గోడ తడమడం, నా చెయ్యి చేసిన నిర్వాకం, అన్నీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. తన కాగితాలు తీసి మూడో పేజీ దాకా చదువుకుని, పిల్లకి అలవాటైన చోట పరీక్ష పెట్టవచ్చని ఉందండీ, చాప వెయ్యండి అంది. నేను చాప పరిచాను.

రెండో విడత. చెయ్యి ఎడమకి లేచి, ఆగి, కుడికి తిరిగింది. ఒప్పు. మూడోదీ ఒప్పే. నాలుగోసారి పిట్ట కుడి తిత్తిలోకి వెళ్తున్నప్పుడే గోవిందు పడి ఏడుపు అందుకున్నాడు. పైడి అటు తిరిగింది, తిరిగొచ్చి ఎడమ తిత్తిలో చెయ్యి పెట్టింది. తప్పు. రెండుకి రెండు. బంగారి కళ్లు మూసుకుంది.

అయిదోది. ఎడమలో ఒకసారి, ఎడమలో ఇంకోసారి, ఆ తర్వాత కుడిలో. హిమజ లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు. గంట మోగింది.

నేను ఆలోచించలేదు. పలక, తిత్తులు, లోపలి పిట్టతో సహా చాప చుట్టి లంగరు కొక్కేనికి తగిలించాను. పిల్లల్ని గోడ జోలెల్లో వేసి పట్టీలు బిగించాం. హిమజకి నడుముకి తాడు కట్టి స్తంభం పట్టుకోమన్నాను. ఆవిడ చేతిలోని పెన్ను పీకి కొక్కేనికి పెట్టింది బంగారి. అల వచ్చింది. తెప్ప ఇటు లేచి అటు ఒరిగింది. పిల్లలు జోలెల్లో ఊగుతూ కిలకిల నవ్వారు. హిమజ మొహం తెల్లగా పాలిపోయింది. నేను చాప చుట్టనే చూస్తున్నాను. కొక్కెం కదల్లేదు.

అంతా సర్దుకునేసరికి ఏడు నిమిషాలు. ఈ విడత కొట్టేసి మళ్లీ పెడతాను, పిల్లకి అన్యాయం జరగకూడదు అంది హిమజ. మంచి మనిషే. కొట్టెయ్యండమ్మా కాదనను, ముందు పిల్లని దింపనివ్వండి అన్నాను. చాప విప్పి, పలకను ఎలా ఉన్నది అలాగే పెట్టాను. రెండు తిత్తులూ మూసే ఉన్నాయి. బంగారి పైడిని జోలెలోంచి తీసి చాప అంచున వదిలింది.

పైడి పలక దాకా పాక్కుంటూ వెళ్లింది. కూర్చుంది. చెయ్యి ఎడమకి లేచింది. ఆగింది. చెయ్యి కుడి తిత్తిలోకి వెళ్లి పిట్టను పట్టుకుని బయటికి వచ్చింది.

హిమజ తన చేతి గడియారం చూసుకుంది. మళ్లీ చూసుకుంది. అయిదు అంకెల కోసం పెట్టిన పరీక్ష అది.

పైడికి ఇంకా పని ఉంది. పిట్టను నోట్లో పెట్టుకోలేదు. గుప్పిట్లో పట్టుకుని, ఒక చేత్తో పాకుతూ చాప దాటింది. నేల మీదుగా గోడ దాకా వెళ్లి, హిమజ సంచి కింద కూర్చుంది. పిట్టను పైకెత్తి "ఊఁ" అంది.

ఆ పిట్టకి మా గదిలో కొక్కెం లేదు. అది సంచిలోంచి వస్తుందని మూడు వారాల కింద ఒకసారి, ఇవాళ పొద్దున్న ఒకసారి చూసింది. అంతే. దాని ఇల్లు ఎక్కడో పిల్లకి తెలుసు.

హిమజ నడుముకి కట్టిన తాడు విప్పుకోవడం కూడా మర్చిపోయి వెళ్లింది. సంచి దింపి మూత తెరిచి పట్టుకుంది. పైడి పిట్టను లోపల పెట్టి చప్పట్లు కొట్టుకుంది. ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"నాకూ ఏడాదిన్నర కొడుకున్నాడండీ" అంది చివరికి. "పరీక్షలో అయిదుకి అయిదు. ఇంట్లో ఒక్క వస్తువు తిరిగి పెట్టడు."

"రెండు నెల్లు పంపీయండి మేడమ్, మేం సూసుకుంటాం" అంది బంగారి.

ఏం రాశారో చూపించమని నేను అడగలేదు, ఆవిడే చూపించింది. పైడి పేరు పక్కన "ఒప్పు". దాని కింద ఒక పేజీ నిండా ఉంది. ఈ ఊళ్లో పిల్లల చెయ్యి ముందు తమ నియమాన్ని పాటిస్తుందనీ, కళ్లు చూడకుండా చేతిని మాత్రం లెక్కపెట్టడం తన పొరపాటేననీ, గోవిందుకీ చిట్టెమ్మకీ చాప మీద మళ్లీ పరీక్ష పెట్టాలనీ రాసింది. తప్పు ఒప్పుకోవడం చదువుకున్నవాళ్లకి కూడా వస్తుందని ఇవాళ తెలిసింది.

విడి వస్తువులు: లేవు.


జూన్ 27. గాలి: తూర్పు, మామూలు. పిల్లలు: తొమ్మిది.

నిన్న హిమజ గోవిందునీ చిట్టెమ్మనీ చూసింది. చాప మీద గోవిందు అయిదుకి నాలుగు. చిట్టెమ్మ మూడు, ముక్కు చీదుకుంటూనే. ఇవాళ పొద్దున్న పడవకి వెళ్లిపోయింది. ఎవరూ ఎక్కడికీ వెళ్లక్కర్లేదని బోర్డుకి తనే చెబుతానంది. మిగతా తెప్పల్లోనూ చాపలు పరిపించమని అప్పలకొండకి చెప్పింది. బంగారి ఆవిడకో నాచు పచ్చడి సీసా ఇచ్చింది. పడవలో అది ఎక్కడ తగిలించాలని ఆవిడ అడిగిందట, ఊరంతా చెప్పుకుని నవ్వుకున్నారు.

పడవ కనుమరుగయ్యాక చాప విప్పితే మడతలో పసుపు పిట్ట కనపడింది. మర్చిపోయి వదిలింది కాదు, మెడకి దారం కట్టి "పైడికి" అని చీటీ పెట్టి ఉంది.

పైడి దాన్ని తీసుకుని గోడ దాకా వెళ్లింది. సంచి కొక్కెం ఖాళీగా ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది, "ఊఁ" అనలేదు. కాసేపు అలాగే కూర్చుని, వెనక్కి పాకుతూ వచ్చి పిట్టను ఎర్రచాప మధ్యన పెట్టింది. పెట్టి దాన్నే చూస్తూ కూర్చుంది.

దీనికో కొక్కెం కొట్టించమంటావా అత్తా అని బంగారి అడిగింది. నా నోటి దాకా "ఊఁ" వచ్చింది. నలభై ఏడేళ్ల అలవాటు మరి. గోడ మీద చాప కొక్కేన్ని ఒకసారి చూశాను.

వద్దన్నాను.

విడి వస్తువులు: ఒకటి. పిట్ట. చాప మీద ఉంది, ఉండనీ.